నలభై ఒకటో కెర్నల్

ఆ శనివారం ఇంట్లో ఉన్నది అయిదుగురు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి, కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకున్న అమ్మ రోవీనా. కంప్యూటరు గదిలో నాన్న రాయ్‌డెన్. ఆయన పక్కన, పొద్దున్నే చెప్పాపెట్టకుండా ఊడిపడ్డ క్లైవ్ మావయ్య. వంటింట్లో గడియారం వంకే చూస్తూ పిండి కలుపుతున్న అమ్మమ్మ ఐడా. అయిదోది మెరిన్. మెరిన్‌ని లెక్కపెట్టడం చాలామంది మరిచిపోతారు. పదిహేనేళ్ళ పిల్ల, నలుగురిలో నోరు విప్పదు. ఓ మూల స్టూలు మీద, డైరీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుందంటే ఎవరో విప్పి పడేసిన కోటు అనుకుని ఒకసారి మావయ్య ఆమె మీద టోపీ కూడా పెట్టాడు.

అమ్మ నిద్ర చెడకూడదు. అది ఆ ఇంటి మొదటి చట్టం. రాత్రంతా రోగుల మధ్య నిలబడి వచ్చిన మనిషిని మధ్యలో లేపితే తర్వాత వారం రోజులు ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. అందుకని ఆమె పడుకున్నప్పుడు అందరూ గుసగుసల్లోనే మాట్లాడుకుంటారు, గుసగుసల్లోనే పోట్లాడుకుంటారు. తుమ్ము వస్తే తోటలోకి పరిగెత్తుతారు.

ఆ రోజుకి ఇంకో చట్టం కూడా ఉంది. సాయంత్రం నాలుగింటికల్లా రెండువందల పధ్నాలుగు కార్డులు ఊరి హాలుకి చేరాలి.

మర్నాడు టానర్స్ బెండ్ ఊరి షో. గొర్రెల పోటీ ఉంటుంది, గొడ్డళ్ళతో దుంగలు నరికే పోటీ ఉంటుంది, ఆ రెండింటికన్నా రక్తపాతమెక్కువ వంటల పోటీలో ఉంటుంది. స్పాంజి కేకులు, స్కోన్లనే చిన్న రొట్టెలు, నేరేడు రంగు పళ్ళ జామ్‌లు, టమాటా పచ్చళ్ళు. ప్రతి పళ్ళెం ముందూ ఒక కార్డు నిలబెట్టాలి: ఏ తరగతి, ఏ వంటకం, ఏ నంబరు. పేరు ఉండకూడదు, పేరు కనిపిస్తే న్యాయనిర్ణేత నాలుకకి రుచి మారిపోతుందని ఊరి నమ్మకం.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వంటల విభాగానికి కార్యదర్శి అమ్మమ్మే. ఇంతకుముందు కార్డులన్నీ తన చేత్తోనే రాసేది. అక్షరాలు గుచ్చిన ముత్యాల్లా ఉండేవి. రెండేళ్ళ నుంచి కంప్యూటర్లో అచ్చేయిస్తోంది. "కాలంతో పాటు నడవాలి కదా" అని అందరికీ చెప్పుకుంటుంది. అసలు సంగతి మెరిన్‌కి ఒక్కదానికే తెలుసు. అమ్మమ్మ కుడిచెయ్యి వణుకుతోంది. పాలవాడికి చీటీ రాయాలన్నా మనవరాలినే పిలుస్తుంది, పిలిచి, కళ్ళజోడు కనబడటం లేదంటుంది. కళ్ళజోడు ముక్కు మీదే ఉంటుంది.

కిందటి సమావేశంలో మిసెస్ ట్రెంబాత్ తీయగా నవ్వుతూ, "యంత్రాన్ని నమ్ముకుంటే ఏదో ఒకనాడు ముంచుతుంది ఐడా. నాలుగింటికి కార్డులు రాకపోతే ఈ బరువు ఇంకెవరైనా మోయడం మంచిదేమో" అంది. ఆ ఇంకెవరు ఎవరో హాల్లో కుర్చీలకి కూడా తెలుసు. అమ్మమ్మ అంతకన్నా తీయగా నవ్వి, "నాలుగు దాటి ఒక్క నిమిషమైనా సరే, రిజిస్టరు తెచ్చి నీ ఒళ్ళో పెడతా" అంది. పదిమందిలో అన్న మాట. ఇక వెనక్కి పోదు.

పోటీకి పేర్లిచ్చినవాళ్ళ జాబితా మొత్తం కంప్యూటర్లో ఉంది. మెరినే వారం రోజులు కూర్చుని ఎక్కించింది. కాగితం దరఖాస్తులు హాలు బీరువాలో ఉన్నాయి. బీరువా తాళంచెవి మిసెస్ ట్రెంబాత్ మెడలో ఉంది.

పొద్దున పదింటికి ఆ కార్డులు అచ్చేసి ఉంటే ఇక చెప్పుకోడానికి ఏమీ ఉండేది కాదు.

"ఒక్క అరగంట అత్తయ్యా" అన్నాడు నాన్న. "యంత్రానికి ఒళ్ళు బరువెక్కింది. కొత్త కెర్నల్ కుట్టేస్తే అచ్చు గుర్రంలా పరిగెడుతుంది."

"నీ అరగంటలు నేను చూడనివా?" అంది అమ్మమ్మ. కానీ స్పాంజి పొయ్యిలో ఉంది, వెళ్ళిపోయింది.

నాన్న యాపిళ్ళు దాచే కోల్డ్ స్టోరులో మెకానిక్కు. సెలవు దొరికితే మూట వీపున వేసుకుని కొండల్లో పడతాడు. మోసే బరువు తగ్గాలని పళ్ళు తోముకునే బ్రష్షు పిడిని సగానికి కోసేశాడు. టీ పొట్లాలకున్న దారాలు కూడా కత్తిరిస్తాడు. కంప్యూటరుతోనూ అదే వరస. ఆ కంప్యూటరుని నడిపే లినక్స్‌లో కెర్నల్ అంటే యంత్రానికి గుండెకాయ. డిస్కుతో, ప్రింటరుతో, కీబోర్డుతో మాట్లాడేది అదే. దాన్ని ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళు కత్తిరించి కుట్టుకోవచ్చు. నాన్న ఇప్పటికి నలభై కుట్టాడు. ఇంట్లో లేని వస్తువు ఊసు కెర్నల్‌కి అనవసరం, ఉన్నవన్నీ ఒకే ముద్దగా లోపలే ఉండాలి. ఇది ఆయన మతం.

మావయ్య మతం వేరు. ఆయన తాళాలు బాగుచేస్తాడు. ఆయన వ్యాను బండిలో వెనక నూటపన్నెండు సొరుగులున్నాయి. "అన్నీ నెత్తిన పెట్టుకు తిరగడం దేనికి బావా? అవసరమొస్తే సొరుగు లాగు, పనయ్యాక మూసెయ్" అంటాడు. కెర్నల్‌కి మాడ్యూళ్ళు అంటే ఆ సొరుగులే. విడి ముక్కలుగా డిస్కులో పడి ఉంటాయి. కావలసినప్పుడు కెర్నల్ వాటిని లోపలికి పిలుచుకుంటుంది, అక్కర్లేదనుకుంటే పంపించేస్తుంది.

ఆ పొద్దున మావయ్య ఊడిపడింది కంప్యూటర్లని ఒకదానితో ఒకటి కలిపే పాత నెట్‌వర్క్ కార్డు పట్టుకుని. ఎవరో పారేస్తుంటే తెచ్చాడు. బండి దిగినవాడు దిగినట్టే, దాన్ని పసిబిడ్డలా రెండు చేతుల్లో ఎత్తుకుని లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

"దీన్ని కెర్నల్ లోపలే కలిపేద్దాం" అన్నాడు నాన్న గుసగుసగా.

"మాడ్యూల్ చెయ్యి బావా. రేపు కార్డు మారితే మళ్ళీ మొత్తం కుడతావా?"

"కుడతాను. నాకేం బద్ధకమా?"

"బద్ధకం కాదు, పిచ్చి. బ్రష్షు కోసుకున్నవాడితో నాకు వాదనేంటి!"

"నూటపన్నెండు సొరుగులున్నవాడివి, మొన్న మా వంటింటి తలుపుకి మేకు కావాలంటే కొట్టుకెళ్ళి కొనుక్కొచ్చావ్."

"అది నూటపదమూడో సొరుగులో ఉంటుంది. ఇంకా చేయించలేదు."

కెర్నల్ కుట్టేటప్పుడు యంత్రం వందల ప్రశ్నలు అడుగుతుంది. ఈ వస్తువు కావాలా? లోపల కలపాలా, విడిగా మాడ్యూల్ చేయాలా, అసలొద్దా? పెళ్ళి భోజనాల దగ్గర వడ్డించేవాడిలా ఒక్కొక్కటే అడుగుతూ పోతుంది. మామూలుగా నాన్న ఒక్కడే కూర్చుని వద్దు, వద్దు, వద్దు అని నొక్కేస్తాడు. ఇవాళ పక్కన మావయ్య ఉన్నాడు.

"రేడియో ఉందా అంటోంది. లేదు."

"రేపు కొంటే?"

"కొన్నాక అడగమను."

"అప్పుడు అడగదు బావా, అందుకే మాడ్యూల్ అంటున్నా!"

ఈ "అంటున్నా" కొంచెం గుసగుస దాటింది. అమ్మ గదిలో మంచం కిర్రుమంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. అమ్మమ్మ పిండి చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది.

"సిగ్గు లేదూ? గడ్డాలు నెరిశాయి ఇద్దరికీ" అంది. "వంతులు వేసుకోండి. ఒకదానికి నువ్వు చెప్పు, ఒకదానికి వాడు చెప్తాడు. చిన్నప్పుడు వీడికీ రోవీనాకీ పుడ్డింగు అలాగే పంచేదాన్ని. ఒకరి వంతులో ఇంకొకరు నోరెత్తారో, చెంచాతో కొట్టేదాన్ని."

వంతులన్నాక వంతులే. ఆ ఇంట్లో అమ్మమ్మ వేసిన వంతుకి తిరుగు లేదు. ఒక ప్రశ్న నాన్నది, ఒక ప్రశ్న మావయ్యది. నాన్న వంతు వస్తే "లోపలే" లేకపోతే "వద్దు". మావయ్య వంతు వస్తే, అది ఏ వస్తువైనా సరే, "మాడ్యూల్". ఒకరి వంతులో ఇంకొకరు పైకప్పు వంక చూడటం మొదలుపెట్టారు, పౌరుషానికి.

మెరిన్ అన్నీ డైరీలో రాసుకుంటోంది. ఎనిమిదేళ్ళప్పుడు నాన్నే నేర్పాడు, తను మరిచిపోతాడని. ఏ కెర్నల్లో ఏం పెట్టాడో, ఏది తీశాడో అన్నీ ఆ డైరీల్లో ఉన్నాయి. వాటి పక్కనే మెరిన్ సొంత మాటలు కూడా ఉంటాయి. అవి ఎవరికీ చూపించదు.

పదకొండున్నరకి యంత్రం ఒక ప్రశ్న అడిగింది. డిస్కు మీద ఫైళ్ళు పేర్చి ఉన్న పద్ధతి, అంటే ఫైల్ సిస్టమ్, దాన్ని చదివే ముక్క ఎక్కడ పెట్టమంటావు? వంతు మావయ్యది.

"మాడ్యూల్" అన్నాడు మావయ్య, బిస్కెట్టు నములుతూ, తెర వంకైనా చూడకుండా.

నాన్న పైకప్పు వంక చూస్తున్నాడు.

మెరిన్ పెన్ను ఆగిపోయింది. మాడ్యూళ్ళు ఉండేది డిస్కులో. డిస్కు చదవడం వచ్చే ముక్కే మాడ్యూల్ అయితే, దాన్ని డిస్కులోంచి తెచ్చేది ఎవరు? తప్పేమో నాది. వాళ్ళకి తెలియదా? పెద్దవాళ్ళు, నలభై కుట్టినవాళ్ళు.

నోరు తెరిచింది. "నాన్నా, అది..."

"టీ కదూ? మంచి మాటన్నావు తల్లీ" అన్నాడు నాన్న. "రెండు కప్పులు."

"బిస్కెట్లు కూడా" అన్నాడు మావయ్య. "ఆ అల్లంవి."

మెరిన్ వెళ్ళి టీ పెట్టింది. నీళ్ళు మరిగేంతసేపూ ఆ ఒక్క మాటనీ పెదాల మీద కూర్చుకుంది. 'నాన్నా, అది లోపలే ఉండాలి.' నాలుగు మాటలు. ట్రే పట్టుకుని వచ్చేసరికి గది తలుపు వేసి ఉంది. మోకాలితో తట్టింది. సందులోంచి మావయ్య చెయ్యి వచ్చి ట్రే అందుకుంది.

"బంగారు తల్లివి. చప్పుడు బయటికి పోకుండా తలుపేశాం. అమ్మ పడుకుంది కదా" అన్నాడు. తలుపు మళ్ళీ మూసుకుంది. నాలుగు మాటలూ మెరిన్ నోట్లోనే ఉండిపోయాయి.

తలుపు వెనక నుంచి గుసగుసలు వినిపిస్తూనే ఉన్నాయి.

"పాత కెర్నల్ పక్కన ఉంచు బావా, ఎందుకైనా మంచిది."

"ఉంచను. చెత్త ఉంచుకునే అలవాటు నాకు లేదు."

"ఓహో. కొత్తదాని మీద అంత నమ్మకమా?"

"నీకు లేదా? సగం నీ వంతులే కదా ఇందులో."

"నాకెందుకు లేదు! తీసెయ్, తీసెయ్. నేనేం భయపడతానా?"

తీసేశారు. మెరిన్ వంటింటి గుమ్మం మీద కూర్చుని డైరీలో రాసుకుంది.

*

కెర్నల్ తయారవడానికి గంటన్నర పట్టింది. ఈలోగా గొర్రెమాంసం శాండ్‌విచ్‌లు తిన్నారు. నాన్నా మావయ్యా ఒకరినొకరు మెచ్చుకున్నారు కూడా. ఒంటిగంటా పదికి నలుగురూ తెర ముందు చేరారు. నాన్న యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టాడు. తెల్ల అక్షరాలు జలజలా రాలాయి. రాలుతూ రాలుతూ ఆగిపోయాయి. చివరి వరస సారాంశం ఇది: డిస్కు దొరకడం లేదు, నాకు కంగారుగా ఉంది, ఇక నా వల్ల కాదు.

"కెర్నల్ పానిక్" అన్నాడు నాన్న. ఆయన మొహం ఉడకబెట్టిన క్యాబేజీ రంగుకి వచ్చింది.

"అంటే?" అంది అమ్మమ్మ.

"అంటే... ఏదో చిన్నది."

"చిన్నదైతే నీ చెవులెందుకు ఎర్రబడ్డాయి?"

నాన్న మెల్లగా మావయ్య వంక తిరిగాడు. "ఫైల్ సిస్టమ్ మాడ్యూల్ చేశావా నువ్వు?"

"నా వంతులో వచ్చింది మరి!"

"వంతులో వస్తే? బుర్ర ఉండక్కర్లేదా?"

"నీ బుర్ర ఏం చేస్తోంది అప్పుడు? పైకప్పులో సాలెగూళ్ళు లెక్కపెడుతోందా?"

అమ్మమ్మ చెంచా ఎత్తింది. ఇద్దరూ ఆగారు.

లినక్స్‌ని మొదటి నుంచి ఎక్కించే సీడీ హోబార్ట్ పట్నంలో స్నేహితుడి దగ్గర ఉంది. నాన్న ఫోన్ చేశాడు. స్నేహితుడు చేపలకని పడవలో పోయాడు, చీకటి పడితే గానీ రాడని అతని భార్య చెప్పింది. నాన్న ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు.

"ఇంత దిగులెందుకు బావా" అన్నాడు మావయ్య, ఛాతీ విరుచుకుని. "ఇలాంటివాటికే నా పద్ధతి. అత్యవసరానికి ఒక ఫ్లాపీ డిస్కు ఉంచుతాను నేను. దాన్ని పెడితే చాలు, ఏ యంత్రమైనా లేచి కూర్చుంటుంది. అరవై నాలుగో సొరుగు. ఇప్పుడే తెస్తా."

బయటికి వెళ్ళాడు. వెళ్ళినవాడు రాలేదు. మూడు నిమిషాలు, అయిదు నిమిషాలు. మెరిన్ కిటికీలోంచి చూసింది. మావయ్య బండి చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నాడు. కిటికీ అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూస్తున్నాడు. నాలుగో ప్రదక్షిణానికి అమ్మమ్మ కూడా వచ్చి చూసింది.

నలుగురూ బండి దగ్గర చేరారు. బండి తాళంచెవి డ్రైవరు సీటు మీద, ఎండలో మెరుస్తూ, హాయిగా పడుకుని ఉంది. అన్ని తలుపులకీ తాళం పడి ఉంది.

"పొద్దున ఆ కార్డు తెచ్చే హడావుడిలో..." అన్నాడు మావయ్య.

"నువ్వు తాళాలు తీసేవాడివి కదరా" అంది అమ్మమ్మ.

"అవునమ్మా."

"ఈ లోయలో ఎవరి తాళం పోయినా నిన్నే కదా పిలుస్తారు."

"అవునమ్మా."

"మరి తియ్యి."

మావయ్య బూట్ల వంక చూసుకున్నాడు. "పనిముట్లు బండిలో ఉన్నాయి."

తోటలో ఏదో పక్షి ఒకటే నవ్వు.

"సరే, ఈ గొడవ అలా ఉంచి, ఇంతకీ ఆ యంత్రానికి ఏమైందో చెప్పండి నాకు" అంది అమ్మమ్మ.

నాన్న గొంతు సవరించుకున్నాడు. బండి వంక, సీటు మీది తాళంచెవి వంక చూపించాడు. "ఇదే అత్తయ్యా. అచ్చం ఇదే అయింది."

అమ్మమ్మ బండి చూసింది, అల్లుణ్ణి చూసింది, కొడుకుని చూసింది. "అంటే ఒకే రోజున, ఒకే మనిషి, రెండుసార్లా?"

"రెండోదానికి ఆయన కూడా పక్కనే ఉన్నాడమ్మా" అన్నాడు మావయ్య నీరసంగా.

అంతలో ఇంట్లో ఫోన్ మోగింది. అమ్మ లేస్తుందని నలుగురూ ఒక్కసారే ఉరికారు. అమ్మమ్మకి డెబ్భై రెండేళ్ళు. ఆమే ముందు చేరింది. అవతల మిసెస్ ట్రెంబాత్.

"హలో... ఆఁ, నువ్వా గ్లెన్యిస్. ఎంత ఆప్యాయంగా చేశావమ్మా... కార్డులా? ఆఁ ఆఁ, అవే చూస్తున్నాం. చక్కగా వస్తున్నాయి... లేదు లేదు, నువ్వు రావడం దేనికి? స్పాంజి పొంగిందా నీది? అయ్యో. ఓ పక్క దిగిందా? మీగడ రాస్తే కనబడదులే." ఫోన్ పెట్టేసింది. పెట్టేటప్పుడు ఆ చెయ్యి రెండుసార్లు గురి తప్పింది. మెరిన్ చూసింది. అమ్మమ్మ కూడా మెరిన్ చూడటం చూసి, చెయ్యి ఆప్రాను జేబులో పెట్టేసుకుంది.

గడియారం రెండూ ఇరవై.

అమ్మమ్మ వంటింట్లోకి వెళ్ళి అప్పడాలకర్ర లాంటి పిండి కర్ర పట్టుకుని బయటికి నడిచింది. సూటిగా బండి వైపు.

"అమ్మా? అమ్మా, ఏం చేస్తున్నావు?"

"నీ అరవై నాలుగో సొరుగు దగ్గరికి పోతున్నా."

"అమ్మా, అది అద్దమే! కొత్త అద్దం!" మావయ్య గుసగుసగా అరిచాడు. గుసగుసగా అరవడం ఆ ఇంట్లోవాళ్ళకే చేతనవును. బండికి అడ్డంగా పడి రెండు చేతులూ చాచి కావలించుకున్నాడు. "బావా, నువ్వైనా చెప్పు!"

"నన్నడిగితే పక్క అద్దం కొట్టండి అత్తయ్యా. చిన్నది, బరువు తక్కువ" అన్నాడు నాన్న.

కర్ర లేచింది. మెరిన్ గుమ్మంలో నిలబడి ఉంది. మాట్లాడటమంటే ఆ పిల్లకి చన్నీళ్ళలో దూకడం లాంటిది. అయినా దూకింది.

"అమ్మమ్మా, నా దగ్గర ఉంది."

ఎవరికీ వినబడలేదు. ఇంకోసారి దూకింది. "నా దగ్గర ఫ్లాపీ ఉంది!"

అది గుసగుస కాదు. ఇంట్లోపల మంచం కిర్రుమంది. ముగ్గురూ, ఒకరు కర్ర ఎత్తి, ఒకరు బండిని కావలించుకుని, ఒకరు వేలు చూపిస్తూ, ఉన్నవాళ్ళు ఉన్నట్టే బిగుసుకుపోయారు. మంచం మళ్ళీ చప్పుడు చేయలేదు.

మెరిన్ డైరీ వెనక అట్టకి ఒక కవరు అతికించి ఉంది. కవర్లో నీలం ఫ్లాపీ ఉంది. దాని మీద చిన్న అక్షరాలతో 'నలభై. నాన్న నలభై ఒకటి మొదలుపెట్టక ముందు' అని రాసి ఉంది. నాన్న కొత్త కెర్నల్ కుడతానన్న ప్రతిసారీ, ఆయన చేతులు కడుక్కునేలోగా పాతదాన్ని ఫ్లాపీకి ఎక్కించి దాచడం మెరిన్ అలవాటు. ఇరవై ఏడో కెర్నల్ రోజున పాపం ఇంట్లో అందరూ పడ్డ పాట్లు చూశాక మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

మావయ్య ఫ్లాపీ అందుకోబోయి డైరీ మొత్తం లాగాడు. అది నేల మీద పడి ఇవాళ్టి పేజీ దగ్గర తెరుచుకుంది. మెరిన్ వంగేలోగా అమ్మమ్మ తీసుకుంది. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది కనక చదివింది కూడా.

"'పదకొండున్నర. ఫైల్ సిస్టమ్ మావయ్య వంతులో వచ్చింది. మాడ్యూల్ అన్నాడు. చూడకుండా అన్నాడు. తప్పనుకుంటా. పెట్టె తాళంచెవి పెట్టెలో పెట్టినట్టు. చెప్పబోతే టీ అడిగారు. టీ తెస్తే తలుపేశారు. మావయ్య గడ్డం మీద బిస్కెట్టు పొడి ఉంది.'"

మావయ్య గడ్డం తడుముకున్నాడు. పొడి ఇంకా ఉంది.

"పదకొండున్నరకే తెలుసా నీకు?" అన్నాడు నాన్న.

మెరిన్ తల వంచుకుంది. "చెప్పాల్సింది నేను. గట్టిగా."

"నువ్వు చెప్పావమ్మడూ" అంది అమ్మమ్మ డైరీ మూసి చేతికిస్తూ. "వీళ్ళు టీ తాగారు. పద, ముందు ఆ పెట్టె లేపు."

ఫ్లాపీ పెట్టారు. యంత్రం గరగరమంది, నముల్తున్నట్టు. ఒకచోట ఆగింది. నలుగురూ ఆగారు. మళ్ళీ గరగరమంది. తెల్ల అక్షరాలు జలజలా రాలి, ఇందాక ఆగినచోట ఆగకుండా దాటిపోయి, చివరికి తెర మీద పేరేమిటని మర్యాదగా అడిగాయి. మెరిన్ పేరు కొట్టింది. జాబితా తెరిచింది. రెండువందల పధ్నాలుగూ ఉన్నాయి.

రెండూ నలభైకి ప్రింటరు మొదలైంది. అది పాత సూదుల ప్రింటరు. చెక్కమిల్లు రంపంలా అరుస్తుంది.

"ఏంటా చప్పుడు?" గోడ అవతల నుంచి అమ్మ గొంతు, నిద్రలోంచి.

"కుట్టుమిషనే తల్లీ, పడుకో" అంది అమ్మమ్మ.

మొదటి కార్డు బయటికి వచ్చింది. తరగతి ఒకటి, స్పాంజి కేకు, నంబరు ఏడు. ఏడో నంబరు ఎవరిదో కార్యదర్శికి తెలుసు. అమ్మమ్మ దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. "అక్షరాలు బాగున్నాయి. కేకుకన్నా తిన్నగా ఉన్నాయి" అంది.

భయం తీరగానే మగవాళ్ళకి మతాలు గుర్తొచ్చాయి.

"చూశావా బావా" అన్నాడు నాన్న. "నలభై. నేను కుట్టింది. ప్రింటరు, డిస్కు, అన్నీ ఒకే ముద్దగా లోపలే. అందుకే ఒక్క ఫ్లాపీతో లేచింది. ఏ సొరుగూ లాగక్కర్లేకపోయింది."

"ఒకే ముద్దా? ఆ ముద్ద ఎక్కడ ఉంది? బయట, విడిగా, డైరీలో! అవసరమొచ్చాక తెచ్చి పెట్టాం. దాన్నే మాడ్యూల్ అంటారు!"

"దాన్ని మాడ్యూల్ అనరు!"

"పిల్లనడుగు!"

ఇద్దరూ మెరిన్ వైపు తిరిగారు. ఆ పిల్ల వైపు ఒకేసారి ఇంతమంది తిరగడం పుట్టాక ఇదే మొదలు. కార్డులు కత్తిరిస్తూ, తలెత్తకుండానే అంది.

"తాళంచెవి ఒక్కటీ జేబులో ఉండాలి. మిగతావి ఎక్కడున్నా ఫరవాలేదు."

ఇద్దరూ ఒక క్షణం ఆలోచించారు.

"జేబు అంటే లోపలనేగా అర్థం" అన్నాడు నాన్న.

"మిగతావి ఎక్కడున్నా అంది! మిగతావే ఎక్కువ బావా!"

"అసలు ఇప్పుడే కూర్చుంటే నలభై రెండు సరిగ్గా కుట్టేయొచ్చు. ఇది అచ్చవుతుండగానే. ఒక్క అరగంట..." నాన్న చెయ్యి కీబోర్డు వైపు వెళ్ళింది. మావయ్య కుర్చీ లాక్కున్నాడు. "ఈసారి మొదటి వంతు నాది."

అమ్మమ్మ కర్ర ఇంకా చేతిలోనే ఉంది. దానితో నాన్న మోచెయ్యి మీద ఒకటి, మావయ్య మోచెయ్యి మీద ఒకటి తట్టి, గుమ్మం వైపు చూపించింది. ఇద్దరూ పుడ్డింగు పోయిన పిల్లల్లా నడిచారు. మెరిన్ కూడా అలవాటు ప్రకారం డైరీ తీసుకుని లేచింది.

"నువ్వెక్కడికే?" అంది అమ్మమ్మ.

"టీ..."

"టీ వాళ్ళు పెడతారు. నీకు కూడా. రెండువందల పధ్నాలుగూ అయ్యేదాకా ఎవరు తట్టినా తియ్యకు. నేను తట్టినా సరే."

మెరిన్ కూర్చుంది, ఈసారి స్టూలు మీద కాదు, కుర్చీలో. ప్రింటరు పదిహేడో కార్డు కొడుతోంది. గుమ్మం అవతల నాన్న "అల్లం బిస్కెట్లు ఎక్కడుంటాయి బావా?" అని అడుగుతున్నాడు. మావయ్య "ఏదో సొరుగులో" అంటున్నాడు. అమ్మమ్మ జేబులోంచి కుడిచెయ్యి తీసింది. అది వణుకుతూనే ఉంది. ఆ చేత్తోనే పిడి పట్టుకుని, గోడ అవతల కూతురు లేవకుండా, మెల్లగా, మెరిన్‌ని లోపలే ఉంచి తలుపు మూసింది.